అమ్మమ్మకు సీటొచ్చింది

హైమావతి 1971 జూన్‌లో బీఎస్సీ సీటు కోసం పెట్టుకున్న దరఖాస్తుకు తూర్పుతీర విశ్వవిద్యాలయం నుంచి యాభై నాలుగేళ్ళ తరవాత జవాబు వచ్చింది. సీటు ఇచ్చారు. దరఖాస్తు మీద నిర్ణయం వెలువడి అభ్యర్థి చేరేదాకా ఆమె వయసు దరఖాస్తు తేదీ నాటిదే అయి ఉంటుందన్న నిబంధన ప్రకారం ఆమెకిప్పుడు పదిహేడేళ్ళు.

ఉత్తరం ముందు రేపల్లె దగ్గరి ఆమె పుట్టినూరికి వెళ్ళింది. అక్కడ తండ్రి కుటుంబరావు గారి ఇల్లు ఇప్పుడు ఎరువుల దుకాణం. దుకాణం ఆయన చిరునామా మార్చి బాపట్లకు పంపాడు, బాపట్ల వాళ్ళు తెనాలి పంపారు. తెనాలిలో హైమావతి తన కూతురు వకుళ ఇంట్లో ఉంటోంది. కవరు మీద 'కుమారి హైమావతి' అని ఉండడంతో పోస్టుమాన్ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. వకుళ బీమా ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఇంట్లో ఉన్నది హైమావతి, మనవరాలు తన్మయి. తన్మయికి పద్దెనిమిది నిండి పదిహేను రోజులైంది కాబట్టి సంతకం ఆ అమ్మాయి చేత పెట్టించుకుని ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు.

హైమావతి ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. భౌతికశాస్త్రం, గణితం, రసాయనశాస్త్రం. పది రోజుల్లోగా సంరక్షకులతో వచ్చి చేరవలెను. ఆ దరఖాస్తు ఆమెకు బాగానే గుర్తుంది. నాలుగు పేజీల ఫారం. హెడ్మాస్టరు గారి దగ్గర తెచ్చుకుని, తప్పు పోతే ఇంకోటి దొరకదని ముందు తెల్లకాగితం మీద మొత్తం రాసుకుని, తరవాత సిరాతో నింపింది. రేపల్లె స్టూడియోలో ఫొటో దిగింది. తండ్రి రిజిస్టర్ పోస్టులో పంపాడు. శ్రావణంలో పెళ్ళయింది. బాపట్లలో కాపురం పెట్టాక పుట్టింటికి వెళ్ళినప్పుడు రెండుసార్లు ఏమైనా జవాబు వచ్చిందా నాన్నా అని అడిగింది. రాలేదన్నాడు. మూడోసారి అడగలేదు.

సీటు కబురు ప్రభుత్వ రికార్డుల్లోకి ఆ వారంలోనే ఎక్కింది. వితంతు పింఛను ఆగిపోయింది. అందుకు బదులు ఆశా కార్యకర్త వచ్చి కిశోర బాలికలకిచ్చే ఐరన్ మాత్రలు ఇచ్చి, వేడినీళ్ళతో వేసుకోవద్దని చెప్పి, వారానికొకసారి బరువు చూసుకోమంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ, చిన్నపిల్లకి ఇంత మోతాదు ఎవరు రాశారని చిరాకుపడి బీపీ మాత్రను సగానికి తగ్గించింది. మోకాళ్ళ నొప్పులను ఎదిగే వయసు నొప్పులుగా నమోదు చేసింది.

ఇంట్లో ఎవరికీ దీని గురించి ఎక్కువ మాట్లాడుకునే తీరిక లేదు. అదే వారం తన్మయి దరఖాస్తు వ్యవహారం కూడా నడుస్తోంది.

తన్మయి దరఖాస్తు ఆరో తరగతిలో మొదలైంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం రాసిన పరీక్షల మార్కులు, ఎన్ని నిమిషాలకు ఏ ప్రశ్న వదిలేసింది, ఏ ప్రశ్న దగ్గర కిటికీలోంచి బయటికి చూసింది, అన్నీ పోర్టల్లో చేరుతూ వచ్చాయి. అందువల్ల జూన్ మూడున ఆమె ఫోనుకు సందేశం వచ్చింది. ఆమె దరఖాస్తును పరిశీలించామనీ, సీటు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నామనీ, దరఖాస్తు పెట్టుకోవడానికి గడువు ఈ నెల పదో తేదీ అనీ అందులో ఉంది. ఆ ఏడు చాలామంది పిల్లలకు అలాగే వచ్చింది. ఫలితం కోసం ఎదురుచూసే బాధ తప్పిందని తల్లిదండ్రులు సంతోషించారు.

అయినా వకుళ కూతురి చేత దరఖాస్తు పెట్టించింది. దరఖాస్తు నంబరు లేకపోతే తిరస్కరణ పత్రం డౌన్‌లోడ్ కాదు. తిరస్కరణ పత్రం లేకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్చుకోరు. తన్మయి మూడు సాయంత్రాలు కంప్యూటరు ముందు కూర్చుని నూట నలభై కాలేజీలను వరసలో పెట్టింది. ఫోనుకొచ్చే అంకెలు కొట్టింది, కళ్ళు ఆర్పకుండా కెమెరాలోకి చూసింది. ఆఖరున, దరఖాస్తు చేసినందుకు అభినందనలు, మీ తిరస్కరణ సిద్ధంగా ఉంది అని తెర మీద వచ్చింది. హైమావతి పక్కన కూర్చుని అంతా చూసింది. సిరా ఏదీ అని అడగబోయి ఊరుకుంది.

వకుళకు ఆలోచన వచ్చింది అప్పుడే. ఇంట్లో ఒక సీటు ఉంది. కావలసిన మనిషీ ఉంది. అమ్మ పేరున వచ్చిన సీటును పాప పేరుకు మార్పించి, తరవాత మెల్లగా ఫిజిక్స్ నుంచి కంప్యూటర్సుకు జరిపించుకోవచ్చు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న భర్తకు ఫోను చేస్తే, అత్తయ్యగారు కాదంటారా, నీ పిచ్చిగానీ అన్నాడు. నిజానికి ఆవిడ దేన్నీ కాదన్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అందుకే ఆ విషయం ఆమెతో ప్రత్యేకంగా చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఎనిమిదో రోజున ముగ్గురూ యూనివర్సిటీకి వెళ్ళారు. పాత దరఖాస్తుల సెక్షన్ రెండో అంతస్తులో ఉంది. సూపరింటెండెంటు దైవాధీనం, రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి, ఉత్తరం చూసి ఫైలు తెప్పించాడు. ఫారం మీది ఫొటోలో రెండు జడల అమ్మాయి ఉంది. ఆయన ఫొటోను చూసి, హైమావతిని చూసి, పోలిక సరిపోయింది అని ఎర్ర సిరాతో రాశాడు.

"అమ్మాయ్, నువ్వా బల్ల మీద కూర్చో. పెద్దవాళ్ళతో మాట్లాడాలి" అన్నాడు.

హైమావతి వెళ్ళి కూర్చుంది. దైవాధీనం వకుళకూ తన్మయికీ కుర్చీలు చూపించాడు.

ఇంత ఆలస్యం ఎందుకైందని తన్మయి అడిగింది. ఆలస్యం ఏమీ కాలేదనీ, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందనీ ఆయన వివరించాడు. 1971లో మగపిల్లల దరఖాస్తులను ఆ నెలలోనే చూసేశారు. ఆడపిల్లల దరఖాస్తులు రెండు వందల పద్దెనిమిది విడిగా ఒక పెట్టెలో పెట్టారు. ఏటా సీటిచ్చాక సగం మందికి పెళ్ళిళ్ళు కుదిరి చేరడం మానేస్తున్నారు, పరిశీలించిన శ్రమంతా వృథా అవుతోంది. అందుకని పెళ్ళయ్యేవాళ్ళకు అయిపోనిచ్చి మిగిలినవాళ్ళవి చూద్దామని అప్పటి అధికారులు అనుకున్నారు. మిగిలినవాళ్ళకు కూడా అయిపోతాయని ఊహించలేదు. పెట్టెను ఎవరూ మరిచిపోలేదు. ఏటా జూన్‌లో తెరిచి, దుమ్ము దులిపి, 'మరికొంత కాలం ఆగవచ్చును' అని రాసి మూసేవారు. యాభై మూడు సంతకాలు ఫైల్లో ఉన్నాయి. ఈ ఏడు తనిఖీలో, ఆ బ్యాచి ఆడపిల్లల పెళ్ళిళ్ళు పూర్తయ్యాయనీ, పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అయిపోయాయనీ, భర్తల విషయం కూడా చాలావరకు తేలిపోయిందనీ, ఇక ఆగడానికి కారణమేదీ కనిపించడం లేదనీ రాశారు. అందరికీ సీట్లిచ్చారు. నూట ఇరవై తొమ్మిది ఉత్తరాలు, తీసుకునే మనిషి లేరని తిరిగి వచ్చాయి. ఇప్పటిదాకా పదిమంది చేరారు.

తరవాత ఆయన నిరీక్షణ కాలపు కార్యకలాపాల పట్టిక తీశాడు. దరఖాస్తు పెట్టినప్పటినుంచి జవాబు వచ్చేదాకా అభ్యర్థి చేసిన పనులన్నిటినీ క్రమబద్ధం చేస్తేగానీ ప్రవేశం పూర్తి కాదు. హైమావతిని పిలిచి ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. వివాహం నిన్ను అడిగి చేశారా అన్నాడు. లేదంది. 'అభ్యర్థి ప్రమేయం లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. బాపట్ల మారడం? లేదు. ఉద్యోగం వద్దనుకోవడం? మామగారన్నారు. ఒక్క పిల్లతో ఆపడం? అత్తగారూ డాక్టరమ్మా మాట్లాడుకున్నారు. వకుళ పద్నాలుగో కార్యకలాపం. టిక్కు. బాపట్ల ఇల్లు అమ్మడం? అల్లుడుగారు చూశారు. తెనాలి రావడం? టిక్కు. ఇంత శుభ్రమైన పట్టిక ఈ మధ్య చూడలేదని దైవాధీనం మెచ్చుకున్నాడు. కొంతమందివి దిద్దలేక చచ్చిపోతున్నామన్నాడు.

"ఇంకేమైనా ఉన్నాయా? ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసినవి."

హైమావతి చాలాసేపు ఆలోచించింది. వకుళ గడియారం చూసుకుంది.

"ఒకటుందండీ" అంది హైమావతి. "ఎనభైలో సూర్యగ్రహణం వచ్చింది. అందరూ తలుపులేసుకుని లోపల కూచున్నారు. మా అత్తగారి ఎక్స్‌రే ఫిల్ము ఒకటుంటే అది పట్టుకుని నేను మేడెక్కి చూశాను."

"ఎవరన్నా చూడమన్నారా?"

"లేదండీ."

"ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

దైవాధీనం పెన్ను కింద పెట్టాడు. దీనికి వేరే గడి ఉందనీ, టిక్కుతో సరిపోదనీ, ఏ ఉద్దేశంతో చేసిందీ స్వదస్తూరీతో సంజాయిషీ రాసివ్వాలనీ చెప్పాడు. తెల్లకాగితం ఇచ్చాడు. హైమావతి బల్ల దగ్గరికి వెళ్ళి రాయడం మొదలుపెట్టింది. ఒక పేజీ నిండాక ఇంకో కాగితం అడిగింది. తరవాత మరోటి. తన తల్లి అంతసేపు రాయడం వకుళ ఎప్పుడూ చూడలేదు. అటే చూస్తూ ఉండిపోయి, కాసేపటికి తన పని గుర్తొచ్చి, సీటు మార్పు గురించి దైవాధీనాన్ని అడిగింది.

వీలుందన్నాడు ఆయన. రక్తసంబంధీకులకు వదులుకోవచ్చు. ఒకే ఒక్క వాక్యం. ఈ సీటును నా మనవరాలికి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని రాసి సంతకం పెడితే చాలు. నూటికి తొంభైమంది అదే చేస్తున్నారనీ, అందుకని వాక్యం ముందే అచ్చు వేయించి ఉంచామనీ చెప్పి కాగితం తీసిచ్చాడు. వకుళ దాన్ని తల్లి ముందు పెట్టి, సంతకం ఎక్కడో వేలితో చూపించింది.

హైమావతి రాస్తున్నది ఆపి ఆ కాగితం చదివింది.

"ఇవ్వను" అంది.

వకుళకు వెంటనే అర్థం కాలేదు. పాపకేనమ్మా, బయటివాళ్ళకు కాదు అని చెప్పింది. హైమావతి తనకు తెలుసంది. ఈ వయసులో చదివి ఏం చేస్తావని వకుళ అడిగింది. ఆఫీసులో ఉన్నామన్న సంగతి మరిచిపోయి, పాపకు ఏడాది వృథా అవుతుందనీ, కోచింగ్‌లో పెడితే ఇంట్లో వంటెవరు చూస్తారనీ, తను చిన్నప్పుడు కౌన్సెలింగ్ హాల్లో నాన్న ఏ బ్రాంచి చెబితే దానికి తలూపలేదా, తనను మాత్రం ఎవరడిగారనీ అంది. ముప్ఫై ఏళ్ళలో ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. హైమావతి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నిన్నూ అడగాల్సిందే వకుళా. నేను మీ నాన్న పక్కనే కూచుని కూడా అడగలేదు. తప్పే" అంది. "ఇది మాత్రం ఇవ్వనే."

వకుళ చెయ్యి విడిపించుకుంది. అయితే సంరక్షకురాలిగా నేను సంతకం పెట్టను అని చెప్పింది. పదిహేడేళ్ళ పిల్లను సంరక్షకుల సంతకం లేకుండా చేర్చుకోవడం కుదరదు. తల్లిదండ్రులు లేరు. భర్త లేడు. దైవాధీనం ఫైలు కట్టడానికి తాడు తీసుకున్నాడు. అభ్యర్థి చేరకపోతే దరఖాస్తు మళ్ళీ పెట్టెలోకి వెళుతుందనీ, తరవాతి తనిఖీ ఎప్పుడో చెప్పలేమనీ అన్నాడు.

ఇంతసేపూ తన్మయి గోడకున్న నిబంధనల బోర్డు చదువుతోంది. పదకొండో నిబంధన ప్రకారం అభ్యర్థి కంటే వయసులో పెద్దదైన ఆడమనిషి ఎవరైనా సంరక్షకురాలు కావచ్చు. నేను అమ్మమ్మ కంటే ఏడాది పెద్దదాన్ని అని ఆమె దైవాధీనానికి చెప్పింది. ఆయన ఆధార్ కార్డు చూసి ఒప్పుకున్నాడు. అయితే పన్నెండో నిబంధన కూడా చదవమన్నాడు. సంరక్షకులు, అభ్యర్థి చదువు పూర్తయ్యేదాకా, తాము ఎక్కడా అభ్యర్థులుగా ఉండరాదు.

"అంటే నేను కోచింగ్‌కి వెళ్ళక్కర్లేదా?" అంది తన్మయి.

"వెళ్ళకూడదండీ."

"ఆదివారం పరీక్షలు?"

"రాయకూడదు."

"ఎన్నాళ్ళు?"

"మూడేళ్ళు. అమ్మాయి తప్పితే ఇంకా ఎక్కువ."

తన్మయి పెన్ను అడిగింది. వకుళ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపబోయింది. నీ జీవితంతో ఆడుకుంటున్నావే అంది. తన్మయి మెల్లగా, అమ్మా, జవాబు వచ్చేసింది కదా అంది. సంతకం పెట్టేటప్పుడు ఆమె ముఖంలో, ఆరో తరగతి తరవాత వకుళ చూడని నిదానం కనిపించింది. హైమావతి మనవరాలి వైపు చూసింది. వద్దులే తల్లీ అనాలి. ఇన్నేళ్ళూ అలాంటి సమయాల్లో అలాగే అంటూ వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అనకుండా తల దించుకుని తన సంజాయిషీ పూర్తిచేసింది.

దైవాధీనం ఆ ఐదు పేజీలనూ లెక్కపెట్టి, చదవకుండా, 'సంతృప్తికరం' అని రాసి ఫైల్లో పెట్టాడు.

హాస్టలు నియమాలు కూడా 1971 నాటివే. లంగా ఓణీ వేసుకోవాలి, రెండు జడలు వేసుకోవాలి, ఆరింటికల్లా లోపల ఉండాలి. జుట్టు పలచబడినందువల్ల హైమావతికి ఒక జడకు అనుమతి దొరికింది. ఇంటికి రాసే ఉత్తరాలను వార్డెను చదివి పంపుతుంది. ముప్ఫై నాలుగేళ్ళ ఆ వార్డెను పదకొండుమంది ఆడపిల్లలను వరండాలో నిలబెట్టి, మీ మీద మీ ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న నమ్మకాన్ని నిలబెట్టాలని చెప్పింది. ఇద్దరికి సరిగా వినపడలేదు. పక్కవాళ్ళు చెవిలో చెప్పారు.

మొదటి వారం హైమావతికి మెట్లెక్కడం కష్టమైంది. రెండో వారం మెస్సులో పెరుగు నీళ్ళగా ఉందని ఉత్తరం రాసింది. మూడో వారం ఉత్తరంలో పెరుగు సంగతి లేదు. న్యూటన్ మూడో సూత్రం ఉంది.

తెనాలిలో తన్మయి వంట నేర్చుకుంది. ఉదయం తొమ్మిదిదాకా నిద్రపోయింది. మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే వకుళ మొదట్లో మాట దాటేసేది. తరవాత, ఒకమ్మాయిని చదివిస్తోందండీ అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ జవాబు ఎవరికీ వింతగా అనిపించలేదు. కాలేజీ నుంచి వచ్చే సందేశాలు తన్మయి ఫోనుకే వచ్చేవి. హాజరు, క్రమశిక్షణ, మెస్సులో వదిలేసిన అన్నం. మొదట్లో ఆమె వాటిని తెరవకుండా తుడిచేసేది. ఒకరోజు హాజరు తొంభై ఆరు శాతం అని ఉంటే, ఆ మిగతా నాలుగూ ఏమయ్యాయా అనిపించి వార్డెనుకు ఫోను చేసింది.

సెప్టెంబరు మొదటి ఆదివారం చూడనిచ్చే రోజు. తన్మయి గోంగూర పచ్చడి, మోకాళ్ళకు నూనె తీసుకుని బస్సెక్కింది. విజిటర్స్ హాల్లో హైమావతి ఓణీ సర్దుకుంటూ వేగంగా నడిచి వచ్చింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ల్యాబులో లోలకం కట్టారట. ఎంత దూరం లాగి వదిలినా, దగ్గర నుంచి వదిలినా, ఊగడానికి అంతే సమయం పడుతుందట. మొదట నమ్మలేదట. గడియారం పట్టుకుని నలభైసార్లు చూసిందట. ఇంకోసారి చూస్తానంటే లెక్చరరు గారు నవ్వి, ఆదివారాలు కూడా చూసుకోమని తాళంచెవి ఆమెకే ఇచ్చి వెళ్ళారట.

"అంతే పడుతుందే తన్మయీ. నువ్వు ఎట్లా వదులు, అంతే. నాకు ఏడుపొచ్చింది తెలుసా" అంది.

తన్మయి వింటూనే ఫోను చూసింది. యూనిట్ టెస్టు ఫలితాలు అప్పుడే వచ్చాయి. యాభైకి ముప్ఫై ఒకటి.

"అమ్మమ్మా, ముప్ఫై ఒకటేంటి?"

హైమావతి ఆగింది. ఆఖరి లెక్క దగ్గర టైము చాలలేదంది. లోలకం దగ్గరే ఉండిపోయి రివిజన్ చేసుకోలేదంది.

"మిగతావాళ్ళకి ఎన్నొచ్చాయి?"

"వరహాలమ్మకి నలభై నాలుగు."

"ఆవిడా నువ్వు తినే అన్నమే తింటోంది కదా" అంది తన్మయి. ఆమె గొంతులో కోపం లేదు. ప్రేమగానే అంది. ల్యాబు ఆదివారాలు మానెయ్యమంది. గేటు బయట ఒక ట్యూషన్ సెంటరు బోర్డు చూశానంది, సాయంత్రాలు అక్కడ చేర్పిస్తానంది. హైమావతి నేలవైపు చూస్తూ సరేనంది. ఈసారి బాగా రాస్తానని కూడా అంది. గంట కొట్టాక ఆమె పచ్చడి సీసా పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

బస్టాపులో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకామె ఖాళీ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. తన్మయి ఆమె పక్కన కూర్చుంది. ఎవరికోసం వచ్చారని ఆ అమ్మాయి అడిగింది.

"మా అమ్మమ్మండీ. ఫస్టియర్" అంది తన్మయి. నిట్టూర్చింది. "తెలివి లేక కాదు. కష్టపడదు."

"మా నాయనమ్మా అంతేనండీ" అంది ఆ అమ్మాయి.

బస్సు వచ్చేదాకా ఇద్దరూ మార్కుల గురించి మాట్లాడుకున్నారు.